ఇటలీ తాత పందెం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరూ తలెత్తి నడిచేవాళ్ళు కాదు. సిగ్గుతోనో భయంతోనో అనుకునేరు, అదేం కాదు. మాది వజ్రకరూరు పక్కన పల్లె. తొలకరి వానకు ఎర్రమట్టి కొట్టుకుపోతే చేలల్లో వజ్రాలు బయటపడతాయని మా వాళ్ళకు గట్టి నమ్మకం. వాన వెలిసిన మర్నాడు పిల్లా పెద్దా చేలమీద పడి, మెడలు వంచుకుని నేలంతా గాలించేవాళ్ళం. ఆ అలవాటు ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, పెళ్ళి ఊరేగింపులో కూడా మా వాళ్ళు నేల చూపులు చూస్తూనే నడిచేవాళ్ళు.

నన్ను మిషన్ బడి హాస్టల్లో చేర్పించేనాటికి నాకు పదేళ్ళు. వరసగా కరువులు, ఇంట్లో తిండికి కటకట. ఆ బడిలో బావి ఇంజన్లు బాగుచేసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఇటలీ నుంచి వచ్చి మా ఎండల్లో స్థిరపడిపోయిన మనిషి. మేమంతా ఇటలీ తాత అనేవాళ్ళం. పగలంతా ఇంజన్లతో కుస్తీ పట్టి, సాయంత్రం మాకు ఫుట్‌బాల్ నేర్పేవాడు. ఆడపిల్లలకు బంతాటేమిటని ఊరు నవ్వితే, ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేసి, మర్నాడు మళ్ళీ బంతి పట్టుకుని వచ్చేవాడు.

ఆయన ఆట సంగతి మాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పోయిన శతాబ్దం మొదట్లో వాళ్ళ ఊరి క్వారీలో రాళ్ళు కొడుతూ, ఆదివారాలు బంతి ఆడేవాడట. అక్కణ్ణించి పట్నం జట్టుకు ఎదిగాడు. ఒకే ఒక్కసారి దేశం తరఫున ఆడాడు. ఆ రోజు కాళ్ళ దగ్గరి బంతినే చూస్తూ ఉండిపోతే, ఎదుటివాడు పక్కనుంచి వచ్చి బంతిని లాక్కుపోయి గోల్ కొట్టాడట. ఇక ఆయన్ని మళ్ళీ ఎవరూ పిలవలేదు. తర్వాత యుద్ధం వచ్చింది, మోకాలు పోయింది, ఆట ముగిసింది. ఇదంతా మామూలుగానే చెప్పేవాడు గానీ, చివర్న మాత్రం "తల ఎత్తండి పాపా!" అని గట్టిగా అరిచేవాడు.

వినడం వరకు బాగానే విన్నాను. ఒకరోజు పక్క బడి మగపిల్లలతో ఆడుతున్నాం. ముందురోజే వాన పడింది. గోల్ ముందు కాపలా ఉన్న నాకు కాలి దగ్గర ఏదో తళుక్కుమంది. వంగాను. లేచేసరికి బంతి నా వెనక గోల్‌లో ఉంది, చేతిలో ఉత్త పలుగురాయి ఉంది. మా జట్టు పిల్లలు నామీద దుమ్మెత్తిపోశారు.

మర్నాడు తాత వంటశాల నుంచి చేట తెచ్చి, నా గడ్డం కింద అడ్డంగా ఉండేలా తాడుతో మెడకు కట్టాడు. ఇక నా కాళ్ళు నాకు కనబడవు. అలాగే బంతి నడపమన్నాడు. బోర్లా పడ్డాను, మోకాళ్ళు చీరుకుపోయాయి, చూసినవాళ్ళు పగలబడి నవ్వారు. ఏడుపూ రోషమూ ఒక్కసారే వచ్చాయి నాకు. చేట ఊడిపోయిన ప్రతిసారీ నేనే వెళ్ళి మళ్ళీ కట్టించుకున్నాను.

నెల తిరక్కముందే నాయన వచ్చాడు. వానలు బాగా పడ్డాయి, రాళ్ళు ఏరడానికి మనిషి కావాలి, ఇంటికి పదమన్నాడు. వెళితే మళ్ళీ బడి మొహం చూడనని నాకు తెలుసు. మా అక్క చదువు అలాగే ఆగిపోయింది. నేను గుంజ పట్టుకుని కదలనంటే కదలనన్నాను. అప్పుడు తాత మధ్యలోకి వచ్చాడు.

"ఒక్క ఆట సూడప్పా. ఈ పాప ఒక్కసారి నేలకు వంగినా తోలుకొని పో. వంగకుంటే ఈడనే సదువుకుంటాది."

నాయన నవ్వాడు. "మా ఇంట్లో వంగనోళ్ళు యాడుండారు సామీ? సరే, కానీ."

ఆ సాయంత్రమే మగపిల్లలతో ఆట పెట్టారు. ఏటవాలు ఎండకు మైదానమంతా మిలమిలలాడుతోంది. పళ్ళు బిగించి, తలెత్తే ఆడాను. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా పాదం పక్కనే ఒకటి నిప్పుకణంలా మెరిసింది. అంత మెరుపు నేను అదివరకు చూడలేదు. వంగాను. వేళ్ళు రాయిని పట్టుకున్నాయి కూడా. అంతలో బంతి వస్తున్న చప్పుడు వినబడింది. రాయిని వదిలేసి, పరుగెత్తి, బంతిని గీత అవతలికి తన్నేశాను.

తల తిప్పితే తాత నన్నే చూస్తున్నాడు. నా చదువు అయిపోయిందనుకున్నాను. ఆట ముగిశాక ఆయన కుంటుకుంటూ నాయన దగ్గరికి వెళ్ళి, వంగిందా అని ఆయన్నే అడిగాడు. నాయన గుట్టల వైపు తల తిప్పుకున్నాడు.

"నాకేం కనపల్యా సామీ" అని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఒక్కడే ఊరికి బయల్దేరాడు. ఆ రాయి వజ్రమో పలుగురాయో నేను మళ్ళీ వెళ్ళి చూడలేదు.

చాలా ఏళ్ళకు, టీచరుగా చేరిన రోజున, ఉండబట్టలేక నాయనకు నిజం చెప్పేశాను. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలీదా మే? నువ్వు వంగింది సూసినా. రాయి ఇడిసిపెట్టి ఉరికింది గూడా సూసినా. మన ఇంట్లో చేతికొచ్చిన రాయిని ఇడిసినోళ్ళు నువ్వొక్కతివే."

ఆట రోజున ఆ ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరి సంగతి ఒకరికి తెలిసి కూడా, నాకోసం చూడనట్టు ఉండిపోయారు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ముప్పై ఏళ్ళు బడిలో పనిచేశాను, చివర్లో హెడ్మిస్ట్రెస్‌నయ్యాను. ఫలానా పిల్ల తప్పు చేసింది, ఇంటికి పంపించెయ్యండంటూ నా బల్లమీదికి ఎన్నోసార్లు కాగితం వచ్చింది. తప్పు చేశాక ఆ పిల్ల ఏం చేసిందో కనుక్కోకుండా ఒక్కదానిమీదా సంతకం పెట్టలేదు.