వార్డు నిండా చుట్టాలు

నిరుడు మా నాన్నను జ్వరంతో కర్నూలులో ఒక ఆసుపత్రిలో చేర్చాం. మరునాడు పొద్దున ఆయన వార్డును కోడుమూరు దగ్గరి మా పాత ఇల్లనుకున్నారు. ఆ ఇల్లు చేజారి చాలా కాలమైంది.

“ఇంతమంది చుట్టాలను పండబెట్టినావు, అన్నం యాడరా?” అని చుట్టూ మంచాల మీది రోగులను చూపిస్తూ నా మీద కేకలేశారు. చుట్టాలు తినకముందు ఇంటి పెద్ద ఏమీ ముట్టకూడదన్నది మా ఆచారం. మంచినీళ్ల గ్లాసు కూడా నెట్టేశారు. అందరూ మావైపే చూస్తుంటే తలెత్తలేకపోయాను. మతి పోయిందేమోనని భయం వేసింది.

“ఇది పిచ్చి కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల, ఒంట్లో నీరు తగ్గడం వల్ల వచ్చిన అయోమయం. మందులతో తగ్గుతుంది, కానీ నీళ్లు తాగాలి. కళ్లజోడు పెట్టి, ఎక్కడున్నారో నెమ్మదిగా చెబుతూ ఉండండి” అన్నారు డాక్టరమ్మ.

కళ్లజోడు పెట్టి, “నాయనా, ఇది ఆసుపత్రి” అన్నాను. వినలేదు. పక్క మంచం మీది ముసలాయన లేచి కూర్చున్నాడు.

“మా తిండ్లన్నీ అయినాయి పెద్దాయనా. పప్పులో ఉప్పు రోంత తక్కువ, అంతే. ఇంక నువ్వు తాగప్పా.”

“మా ఇంట్ల ఉప్పు తక్కువయ్యేదే లేదు” అని గొణుగుతూ నాన్న గ్లాసంతా తాగారు.

కొద్ది రోజుల్లో పూర్తిగా తేరుకున్నారు. ఆ పొద్దున ఇల్లు పోయిన సంగతి మరిచిన మనిషి మర్యాద మరవలేదు. ఆయన కొడుకునని గర్వంగా చెప్పుకోవడానికి నాకు ఆ ఇల్లు అక్కర్లేదు.