నవత వాళ్లింటి బయటి సంబంధం

నాంపల్లి కోర్టు ఎదురు సందులో సదాశివ డీటీపీ సెంటర్ ఉంది. అందులో కిటికీ పక్క సీటు నవతది. వయసు ముప్పై ఒకటి. నడిస్తే కొంచెం పక్కకి ఊగుతుంది. చేతివేళ్ల కణుపులు ఉసిరికాయల్లా ఉబ్బి ఉంటాయి, పూర్తిగా ముడుచుకోవు, పూర్తిగా చాపుకోవు. ఒక్కో చేతికి రెండేసి వేళ్లతోనే కీబోర్డు కొడుతుంది. అయినా ఆ సందులో ఆమెకంటే వేగంగా అఫిడవిట్ తీసిచ్చేవాళ్లు లేరు. లాయర్లు తమ గుమస్తాలను పక్క షాపులు దాటించి మరీ ఇక్కడికి పంపుతారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ వేళ్లు చూసి జాలిపడబోతే, "అది తర్వాత పడుదురు గానీ, ముందు తండ్రి పేరు చెప్పుండ్రి" అంటుంది.

ఈ వేళ్ల కథ ఆమె ఏడో ఏట మొదలైంది. బడిలో పలక పట్టుకోలేకపోతోందని పంతులమ్మ కబురు చేసింది. తండ్రి మొగులయ్య అప్పట్లో నాంపల్లి స్టేషన్లో పార్సిళ్లు మోసేవాడు. పని మానుకుని కూతుర్ని ఎత్తుకుని దవాఖానకు తీసుకుపోయాడు. కీళ్లవాతం అన్నారు. అప్పటినుంచి ఎన్ని దవాఖానలు మారినా అదే మాట, అవే గోలీలు. వారానికొకసారి, ఆదివారం గోలీ మింగితే సోమవారమంతా వాంతి వచ్చినట్టుండేది. విచిత్రమేమంటే, వాతం ఉంటే రక్తంలో కనిపించాల్సిన గుర్తులు ఒక్కసారీ కనిపించలేదు. రిపోర్టులన్నీ బాగుండేవి, బాగాలేనిది మనిషొక్కతే.

వెళ్లిన ప్రతిచోటా డాక్టర్లు ఒక ప్రశ్న తప్పకుండా అడిగేవాళ్లు. మీది మేనరికమా అని. మొగులయ్య, అతని భార్య వీరమ్మ బడిపిల్లలు పద్యం అప్పజెప్పినట్టు ఒక్క గొంతుతో బదులిచ్చేవాళ్లు. కాదు సార్, బయటి సంబంధం. డాక్టరు అదే రాసుకునేవాడు. వీరమ్మ తల్లి పుట్టింటివాళ్ల ఇంటిపేరు వేరు, మొగులయ్య ఇంటిపేరు వేరు, ఊళ్లు వేరు, ఇక అనుమానించడానికేముంది?

ఇట్లాగే రోజులు గడిచిపోయేవి, అబిడ్స్‌లో అంజన్ అనేవాడు లేకపోతే. అతనికి అక్కడ రబ్బరు స్టాంపుల దుకాణం ఉంది. నోటరీల సీళ్లు తయారుచేసి డీటీపీ సెంటర్లో ఇచ్చిపోతుంటాడు. ఒక సీలులో అక్షరం తలకిందులైందని నవత నలుగురిలో తిట్టింది. తిట్టించుకోవడం బాగుందో ఏమో, ఆ తర్వాత రెండు సీళ్లుంటే రెండుసార్లు రావడం మొదలుపెట్టాడు. రెండేళ్లు అట్లా తిరిగి, ఒకరోజు చాయ్ తాగుతూ పెళ్లి చేసుకుందామన్నాడు. నవత కాదనలేదు. ఔననీ అనలేదు. ఆమెకు అంజన్ ఇష్టమే, ఆ విషయంలో దాపరికం లేదు.

"నా ఏళ్లు నాకు అలవాటైనయ్. నా కడుపున పుట్టే పిల్లకు గిదే అలవాటు చెయ్యమంటే నాతోని కాదు," అంది.

అతను మళ్లీ ఒత్తిడి చేయలేదు. సీళ్లు మాత్రం ఇస్తూనే ఉన్నాడు.

ఆ ఏడాదే కొత్తగా వచ్చిన ఒక చిన్న వయసు డాక్టరమ్మ నవత ఎక్స్‌రేలను చాలాసేపు చూసింది. ఇది వాతం కాకపోవచ్చు, పుట్టుకతో వచ్చిన ఎముకల జబ్బులా ఉంది, జన్యు పరీక్ష చేయిస్తే తేలిపోతుంది అని చీటీ రాసిచ్చింది. తల్లీ తండ్రీ కూతురూ ముగ్గురూ కలిసి లక్డీకాపూల్‌లోని జన్యు పరీక్షల కేంద్రానికి వెళ్లారు. అక్కడ కుటుంబాల వివరాలు తీసుకునే కీర్తి మేడం ఒక తెల్లకాగితం మీద గుండ్రాలు, చదరాలు గీస్తూ తాతముత్తాతల దాకా అడిగింది. మేనరికమా అనీ అడిగింది. పద్యం మామూలుగానే వచ్చింది. ముగ్గురి రక్తం తీసుకుని ఆరు వారాల తర్వాత రమ్మంది.

ఆరు వారాలకు కీర్తి మేడం రిపోర్టు ముందు పెట్టుకుని కూర్చుంది. జబ్బు పేరు మూరెడు పొడుగుంది, దాన్ని వదిలేద్దాం. ఆమె చెప్పింది మాత్రం తేలిగ్గానే అర్థమైంది. ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఒక ప్రతిలోనే తప్పుంటే రెండోది కాపాడుతుంది. నవతకు రెండింట్లోనూ తప్పుంది, అదీ ఒకేచోట, ఒకేలాంటి తప్పు. ఇది వాతం కానే కాదు, ఆ గోలీలతో పనిలేదు, మాన్పించమని డాక్టరుకు రాస్తానంది. కీళ్లు బిగుసుకుపోకుండా వ్యాయామాలు చేయించాలి, ముందుముందు తుంటికి ఆపరేషన్ అవసరం కావచ్చు.

నవత అన్నీ విని, అడగాల్సింది అడిగింది. "నేను పెండ్లి చేసుకుంటే పుట్టే పిల్లలకు వస్తదా మేడం?"

తల్లిదండ్రులిద్దరూ ఆమె వైపు తిరిగారు. పెళ్లి మాట కూతురి నోట వినడం వాళ్లకు అదే మొదటిసారి.

చేసుకునే అతనిలో ఇదే తప్పు లేకపోతే జబ్బు రాదంది కీర్తి. పిల్లలు ఒక చెడ్డ ప్రతిని మోస్తారు, అంతే. బయటివాళ్లలో ఇది ఉండటం చాలా చాలా అరుదు. "కానీ ఇంత అరుదైన తప్పు మీ అమ్మానాన్నలిద్దరిలోనూ ఒక్క తీరుగా ఉంది. మీ రక్తం ఏయే ఇళ్లలో ఉందో తెలియకుండా ఎవరు బయటివాళ్లో నేనెట్లా చెప్పను?" అంది.

వీరమ్మ కొంగు వేలికి చుట్టుకుంటోంది. మొగులయ్య గొంతు సవరించుకున్నాడు.

"వీరమ్మ నాకు సొంత మేనత్త బిడ్డ మేడం. ఆర్నెల్ల పిల్లగాన్ని ఉన్నప్పుడు నన్ను సాదుకునేటోళ్లకు దత్తు ఇచ్చిన్రు. నన్ను కన్న నాయినకు వీరమ్మ తల్లి సొంత చెల్లె."

వీరమ్మ నిర్ఘాంతపోయింది. "గిది నీకెర్కనా?"

"పదేండ్లప్పటి సంది ఎర్కే. నీకే తెల్వదనుకున్న."

"పెండ్లికి ముందురోజు మా అమ్మ చెప్పింది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది."

ముప్పై మూడేళ్లు ఒకే కప్పు కింద కాపురం చేసి, ఒకే రహస్యాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. వాళ్లను తప్పుపట్టి ఏం లాభం? వాళ్లవైపు, సాదుకున్న తల్లి బతికుండగా కన్నతల్లి ఊసెత్తితే బిడ్డను ఒళ్లోంచి లాక్కున్నంత పాపం. ఆమె పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇక ఇంటిపేరు మారితే చుట్టరికం కూడా చెరిగిపోతుందని మనవాళ్ల లెక్క. రక్తానికి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు.

నవతకు కోపం వచ్చింది. ఇరవై నాలుగేళ్ల సోమవారాలు గుర్తొచ్చి కళ్లు మండాయి. దగ్గరి చుట్టరికం మాట మొదటే తెలిస్తే ఎవరో ఒకరు అప్పుడే ఇంకోలా ఆలోచించేవాళ్లేమో. కానీ పక్కకు చూస్తే, తండ్రి తలవంచుకుని ఉన్నాడు, తల్లి అతని చెయ్యి పట్టుకుని ఉంది. కూతురి ముందు వాళ్లట్లా చెయ్యి పట్టుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఎవరి తప్పూ లేదు, ఇట్లాంటి తప్పు తనలోనూ ఏదో ఒకటి ఉండే ఉంటుందని కీర్తి మేడం అంది. ఆ మాట నవతకు నచ్చింది.

అక్కడితో అయిపోలేదు. మొగులయ్యను కన్నవాళ్లది కల్వకుర్తి దిక్కు. అంజన్ వాళ్లదీ అదే దిక్కు. అతనూ ఎక్కడో రక్తసంబంధమేమోనని నవతకు భయం పట్టుకుంది. మరునాడు అంజన్ సీళ్లు ఇవ్వడానికి రాగానే, "మీ ఇంట్ల ఎవ్వలనన్న సాదుకున్నరా, ఎవ్వలనన్న ఇచ్చిన్రా?" అని అడిగింది. నెలల తరబడి జవాబు కోసం చూస్తున్నవాడికి ఈ ప్రశ్న ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. జరిగిందంతా ఆమె చెప్పింది. అతను విని, ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే వాళ్లూ పద్యమే చదువుతారేమో, దానికంటే తన రక్తాన్నే అడగడం మేలన్నాడు. ఆ వారమే లక్డీకాపూల్ వెళ్లి ఇచ్చొచ్చాడు.

ఆ నెల రోజులూ నవత చేతిలో తప్పులు దొర్లాయి. ఒక అఫిడవిట్‌లో ఆసామి వయసు నాలుగొందల ముప్పై అని కొట్టింది. సెంటర్ యజమాని సదాశివ తనే దిద్దుకున్నాడు. తల్లి వంటింట్లో, తండ్రి అరుగు మీద, ఎవరికి వాళ్లు రోజులు లెక్కపెట్టారు. ఈసారి రహస్యమేమీ లేదు, భయం మాత్రమే ఉంది.

రిపోర్టు వచ్చింది. అంజన్‌లో ఆ తప్పు లేదు. కీర్తి మేడం ఫోన్లో మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. నవత ఫోను పెట్టేసి, కిటికీ వైపు తిరిగి, హాయిగా ఏడ్చింది.

ఆ తర్వాతి ఆదివారమే అంజన్ వాళ్లమ్మ భాగ్యను వెంటబెట్టుకుని నవత వాళ్లింటికి వచ్చాడు. చాయ్‌లు అయ్యాయి, ఎండల ముచ్చట అయింది. పిల్లనిస్తారా అని భాగ్య అడిగింది. మొగులయ్య భార్య వైపు చూశాడు. ఇట్లాంటివాటికి అతనెప్పుడూ అంతే. వీరమ్మ పెళ్లైన నాటినుంచి అతన్ని "ఏమయ్యా" తప్ప మరోలా పిలిచి ఎరగదు. పిలిస్తే ఎక్కడ చుట్టరికం బయటపడుతుందోనన్న భయం.

ఆ రోజు అందరి ముందూ, కొంచెం సిగ్గుపడుతూ, "ఏమంటవు బావా, పిల్లనిద్దామా?" అంది.

మొగులయ్య భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఇద్దాం" అన్నాడు.