ఆట మానేసిన జూన్ నెల

మా ఆయన నాగబాబు ఫోన్లో ఆటలు మానేసాడని నాను ఏడుత్తంటే పేటలో ఆడోళ్ళందరూ నవ్వుతున్నారు. నవ్వండమ్మా, నవ్వండి. "మొగుడు ఫోన్ వదల్లేదని ఏడిసినోళ్ళని సూసాం గానీ, వదిలేసాడని ఏడిసిందాన్ని నిన్నే సూత్తన్నాం సూర్యకళా" అంటాది పక్కింటి సన్యాసమ్మ. ఆవిడకేటి తెలుసు నా బాధ!

మా ఆయన హార్బర్‌లో మరబోటు డ్రైవరు. గుంటడుగా ఉన్నప్పుడు హార్బర్ గేటు కాడ ఒక వీడియో గేముల కొట్టుండీది. బడి ఎగ్గొట్టి అందులోనే పడుండీవోడు. నా తమ్ముడు సన్నీ కూడా అక్కడే. ఇద్దరూ ఒకే టీవీ ముందు భుజాలు రాసుకుని కూసునీవోళ్ళు, ఓడిపోతే ఒకడ్నొకడు తిట్టుకునీవోళ్ళు. ఆ సావాసం ఎంత దూరం ఎళ్ళిందంటే, పెద్దయ్యాక "అక్కా, నాగబాబుని సేసుకోయే, మంచోడు" అని సన్నీయే నా ఎనకాల పడ్డాడు. పెళ్ళిసూపుల్లో కూడా ఇద్దరూ ఫోన్లో కార్ల రేసు ఆడుకుంటన్నారు. నాను కాఫీలు పట్టుకుని నిలబడితే ఒక్కడు తలెత్తితే ఒట్టు!

తర్వాత సన్నీ గుజరాత్ ఎళిపోయాడు, వెరావల్ బోట్ల మీదికి. మన కుర్రోళ్ళు బోలెడుమంది అక్కడే కదా. సేపల వేట లేని నెలల్లో అందరూ ఇళ్ళకొత్తారు. వీడ్ని మాత్రం సేటు బోటుకి కాపలా ఉంచేత్తాడు. సేపలు గుడ్లెట్టే కాలమని సర్కారోళ్ళు పెట్టే వేట బందు ఇక్కడ ఏప్రిల్లో మొదలై జూన్ సగందాకా ఉంటాది. అక్కడ బందు మొదలయ్యేదే జూన్లో. అంటే ఏడాది మొత్తంలో ఈ బావా బామ్మర్దులిద్దరూ ఒకేసారి ఖాళీగా ఉండేది ఆ రెండు వారాలే. ఆ రెండు వారాలూ మా ఇంట్లో ఫోన్లో తుపాకులాట మోతే. "బావా, ఎనకాల! ఎనకాలున్నాడు బావా, కాల్సెయ్!" అని ఫోన్లోంచి నా తమ్ముడు అరిసీవోడు. నాను సేపలు తోముతా, "ఆ ఫోన్ తీసుకెళ్ళి సముద్రంలో ఇసిరేత్తాను, సచ్చినోళ్ళారా" అని తిట్టీదాన్ని. తిడతానే నవ్వుకునీదాన్ని. వాడు అరుత్తన్నాడంటే బాగున్నాడనే కదా. ఆ నాలుగు రోజులూ నా తమ్ముడు నా వంటింట్లోనే ఉన్నట్టుండీది.

ఈ ఏడు జూన్ వచ్చింది. ఫోన్లోంచి ఒక్క తుపాకీ మోత లేదు.

"ఏటి మావా, తమ్ముడు పిలుత్తన్నాడు కదా, ఆడవేటి?" అన్నాను.

"ఏటోనే, బుద్ధి పుట్టట్లేదు."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. తెరిసి సూత్తన్నాను, ఏటుంది ఇందులో అనిపిత్తంది. మూసేత్తన్నాను." అని గోడకి జారబడి కూసున్నాడు.

పోనీ ఇంకోటేదైనా పట్టుకున్నాడా అంటే అదీ లేదు. పేకాటకి రమ్మంటే ఎళ్ళడు. అలా ఒడ్డుకెళ్ళొద్దాం రా అంటే రాడు. సినిమా అన్నాను, సికాకు పడ్డాడు. ఉన్న ఒక్క ఇష్టం పోయింది, ఆ జాగాలోకి ఇంకోటి రాలేదు. ముప్పై ఆరేళ్ళకే మడిసి ఇలాగైపోతాడా అని నాకు ఒకటే దిగులు.

ఇంతలో సన్నీ నాకు ఫోన్ సేసాడు. "అక్కా, బావేడే? ఎన్నిసార్లు పిలిసినా ఆటలోకి రాట్లేదు. నా మీద కోపమేటి?"

నోటికేదొత్తే అది అనేసాను. "కోపమేట్రా, మీ బావ వేటకెళ్ళాడు."

"అక్కా, బందులో వేటేటే?" అన్నాడు.

ఓలమ్మో! పుట్టి బుద్ధెరిగిన కాడ్నించీ హార్బర్‌లో బతికినదాన్ని, వేటోడికి సెప్పాల్సిన అబద్ధమా అది! నెత్తి బాదుకున్నాను. "నాతో ఆడడం ఇష్టం లేదని సెప్పీయే అక్కా, పర్లేదు" అన్నాడు. ఫోన్ పెట్టేసాడు.

ఫోన్ తెచ్చి మా ఆయన ఒళ్ళో పడేసాను. "ఆడు మావా. నీ కాళ్ళట్టుకుంటాను. వాడు ఆ బోటు మీద ఒక్కడే పడున్నాడు."

పాపం, కాదన్లేదు. ఆడాడు. ఎంత బాగా ఆడాడనీ! వేళ్ళు వాటంతటవే ఎళ్తన్నాయి. మొకంలో మాత్రం ఏటీ లేదు. "బావా, ఎనకాల!" అని సన్నీ అరిసాడు. ఆ అరుపు కూడా బడిలో పాఠం అప్పజెప్పినట్టుంది.

ఉన్నట్టుండి మా ఆయన, "సన్నీ, ఏటీ అనుకోకురా. నాకు దీని మీద ఇష్టం సచ్చిపోయింది. మీ అక్క ఏడుత్తందని ఆడతన్నాను" అన్నాడు.

"నాకు పోయి రెండేళ్ళయింది బావా" అన్నాడు సన్నీ. "నీకిష్టం కదా అని ఆడతన్నాను."

హమ్మయ్య అనుకున్నాను. ఇద్దరూ నవ్వేత్తారు, ఇంక ఆ దిక్కుమాలిన ఆట అవతల పెట్టి కట్టం సుకం మాటాడుకుంటారు అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆటలో ఎవరో వచ్చి ఇద్దర్నీ కాల్సేసారు.

"సరే బావా, ఉంటాను."

"సరేరా."

అంతే, అయిపోయింది. కోపాల్లేవు, తగూల్లేవు. తగువైతే నాను తీర్సీదాన్ని కాదేటి! సిన్నప్పట్నించీ ఇద్దరూ మాటాడుకున్నదంతా ఆ ఆట గురించే. అది తీసేత్తే ఇంకేటీ లేదని వాళ్ళకీ ఆరోజే తెలిసింది.

ఇప్పుడు నానే ఫోన్ సేత్తన్నాను. "తిన్నావేట్రా?" అంటే "తిన్నానక్కా" అంటాడు. "ఏటి కూర?" అంటే "ఏదోటి" అంటాడు. ఆపైన ఏటడగాలో నాకూ తోచదు. నిన్న ఉండబట్టలేక, "ఇదిగో మీ బావతో మాటాడు" అని ఫోన్ మా ఆయన సెవికి ఆనించాను. అటు వాడు పలకలేదు, ఇటు ఈయన పలకలేదు. సెయ్యి నొప్పెట్టేదాకా అలాగే పట్టుకుని, నానే కట్ సేసేసాను.