ఒంటె పిల్లకు పెట్టిన పేరు

సూరయ్య గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి వారం దాటింది. ఈ వారంలో పెళ్ళాం మొహం ఎంతసేపు చూశాడో గానీ, ఫోను వీడియోల్లో తను అక్కడ సాకిన ఒంటె పిల్ల మొహం మాత్రం పొద్దస్తమానం చూస్తూనే ఉన్నాడు.

నాగాయలంకలో ఎండుచేపలు అమ్ముకునే ఆయన పెళ్ళాం చిట్టెమ్మకు మొదట్లో నవ్వొచ్చింది. పొడుగు కాళ్ళు, వేలాడే పెదవి, కాటుక దిద్దినట్టు ఇంతింత రెప్పలు. సూరయ్య దానికి సీసాతో పాలు తాగిస్తాడు, తడి ముక్కు మీద ముద్దు పెట్టుకుంటాడు, ఏదో పేరుతో పిలుస్తాడు. అది చెవులు రిక్కించి తిరిగి చూస్తుంది. ఆ పేరేమిటో చిట్టెమ్మకు వినపడదు. చెవుల్లో వైర్లు పెట్టుకుని చూస్తాడాయన.

"ఏం మావా, నీ చిన్నిల్లు కులాసానా?" అంది పులుసు వడ్డిస్తూ.

"పుట్టగానే తల్లి చచ్చిపోయిందే దానికి. నా చేతి పాలు తప్ప తాగదు" అన్నాడు ఫోను మీంచి కళ్ళు తిప్పకుండా. పులుసు చల్లారిపోయింది.

అప్పట్నుంచి చిట్టెమ్మకు నవ్వు పోయి అక్కసు పట్టుకుంది. పోయినేడు శ్రావణంలో వాళ్ళ తొమ్మిదేళ్ళ పిల్ల డెంగీ జ్వరంతో పోతే ఈ మనిషి రాలేకపోయాడు. సెలవివ్వలేదన్నాడు. ఆ తర్వాత ఇంట్లో పిల్ల పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే చిట్టెమ్మ రెండు రోజులు అన్నం ముట్టదని భయం. అదే పేరున్న పక్కింటి పిల్లను కూడా ఆమె వినేట్టయితే 'బుజ్జీ' అనే పిలుస్తారు. కన్నపిల్ల మంచం పక్కన ఒక్కపూట కూర్చోలేని మనిషి, ఆ ఒంటె పిల్ల పక్కన గడ్డిలో నెలల తరబడి పడుకున్నాడట!

తొమ్మిదో రోజుకు సూరయ్యకు దగ్గు, దాంతో పాటు జ్వరం వచ్చాయి. "గాలి మారింది కదే, జలుబు" అని ముసుగు తన్నాడు. ఫోను మోగితే చిట్టెమ్మే ఎత్తింది. అవతల ముదినేపల్లి అనుదీప్, సూరయ్యతో పాటు అదే మందను కాసేవాడు.

"అత్తా, మావయ్యకి దగ్గూ జ్వరం ఏమన్నా ఉన్నాయా?"

"ఉన్నాయి. ఏం?"

"ఇక్కడ ఒంటెలకి ఒక రకం కరోనా తగిలింది. డాక్టర్లొచ్చి ముక్కుల్లో పుల్లలు పెట్టి చూశారు. సంతలో కొన్నవాటిని తెచ్చి మందలో కలిపారుగా, అప్పుడు అంటుకుని ఉంటుందంటున్నారు. వాటికేం కాదు, ముక్కు కారుతుందంతే. ఏడాది నిండని పిల్లల్లోనే ఎక్కువంట. మనిషికి పడితే మాత్రం ఊపిరాడనివ్వదంట. పచ్చిపాలు తాగినోళ్ళు, వాటి పక్కన పడుకున్నోళ్ళు, ముద్దులాడినోళ్ళు డాక్టరుకి చెప్పాలన్నారు. మావయ్య మూడూ చేశాడు. మన సాయిదుర్గకి కూడా ఉందని తేలింది."

చిట్టెమ్మ ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. "ఏ సాయిదుర్గ?"

"ఒంటె పిల్ల అత్తా... మావయ్య చెప్పలేదా?"

చిట్టెమ్మ ముసుగు లాగేసింది. "నా కూతురి పేరు గొడ్డుకి పెట్టావా?"

సూరయ్య లేచి కూర్చుని, అనుదీప్ ఏమన్నాడో అడిగాడు. సంగతంతా విని, "ఆస్పత్రిలో ఒంటెల మాట ఎత్తకే. కాయితంలో రాశారంటే మళ్ళీ నన్ను గల్ఫ్‌కి రానివ్వరు. డ్రైవర్నని చెబుదాం. నేను లేకపోతే అది పాలు తాగదు" అన్నాడు.

రొప్పుతూ కూడా దాని పాల గురించే!

బందరు ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది. "గల్ఫ్‌లో జంతువుల దగ్గర పని చేశారా?"

"లేదండి. డ్రైవర్నండి."

చిట్టెమ్మ నోరు విప్పింది. మొగుడి ప్రాణం కోసం చెబుతోందో, ఇక దాని దగ్గరికి పోలేడన్న కసితో చెబుతోందో ఆమెకే తెలియలేదు. "అబద్ధమండీ డాక్టరమ్మగారూ. ఒంటెల్ని కాస్తాడు. ఒకదాన్ని కన్నకూతురిలా సాకాడు, మూతి మీద ముద్దులు పెట్టి మరీ. దానికి జబ్బని ఫోనొచ్చింది."

వెంటనే సూరయ్యకు మాస్కు తగిలించి వేరే గదిలో పెట్టారు. ముక్కులోంచి నమూనా తీసి పంపారు. చిట్టెమ్మను కిటికీ అవతలే ఉండమన్నారు. మూడు రోజులు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగో రోజు, ఒంటెల జబ్బు కాదని తేలిందనీ, ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందనీ, వేళకు తెచ్చారనీ డాక్టరమ్మ చెప్పింది.

"నీ కళ్ళు చల్లబడ్డాయా?" అన్నాడు సూరయ్య కిటికీ లోంచి. "ఊరంతా తెలిసింది. ఇంక నన్ను అక్కడికి రానిస్తారో లేదో."

"చల్లబడలేదు" అంది చిట్టెమ్మ. ఊచలు పట్టుకుంది. "నీకు ఆ పేరు పెట్టి పిలుచుకోడానికి ఒకటుంది మావా. పిలిస్తే తిరిగి చూసేది. ఈ ఏడాదీ నాకెవరున్నారు?"

సూరయ్య ఫోను తీసి, దాని వైర్లు లాగేసి, ఆమెకు వినపడేలా వీడియో పెట్టబోయాడు.

"వీడియో వద్దు. నువ్వు పిలువు" అంది చిట్టెమ్మ.

సూరయ్య మాస్కు సర్దుకుని లేచి కూర్చున్నాడు. కూతురు బడి నుంచి వచ్చే వేళకు వీధి చివర నిలబడి పిలిచినట్టే పిలిచాడు.

"సాయిదుర్గా! దా తల్లీ!"

చిట్టెమ్మ వెనక్కి తిరిగి చూసింది. వరండా ఖాళీగా ఉంది. మళ్ళీ కిటికీ వైపు తిరిగి, "ఇంకోసారి పిలువు మావా" అంది.