వనభోజనం నుంచి సొరంగం దారిన

మా చిన్నప్పుడు... కార్తీక మాసంలో ఒక ఆదివారం, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ల నుంచి పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి, పెండ్రా వైపు కొండల్లో ఒక చిన్న స్టేషన్లో దిగేవాళ్ళం. పులిహోర తపేలా అమ్మ చేతిలో, మరచెంబు నా చేతిలో... అడవిలో ఉసిరి చెట్టు ఎక్కడ కనబడితే అక్కడే వనభోజనం.

ఇప్పటివాళ్ళు దీన్ని ట్రెక్కింగ్ అంటున్నారు. మేము కొండకు వెళ్ళడం అనేవాళ్ళం. చెప్పుల్లేకుండానే వెళ్ళేవాళ్ళం.

వేసవి సెలవులకు భీమిలిలో అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడూ కొండెక్కేవాళ్ళం. అక్కడ పైనుంచి చూస్తే సముద్రమంతా కనబడేది. పడవ వస్తే గంట ముందే తెలిసేది. ఇక్కడి కొండలు అలా కాదు... దట్టమైన చెట్ల మధ్య నాలుగడుగుల అవతల ఏముందో తెలియదు. ఆకు కదిలితే ఎలుగుబంటేమో అనిపించేది. అయినా ఏడాదంతా ఆ ఆదివారం కోసమే ఎదురుచూసేదాన్ని.

నేను చెప్పే ఏడు నాన్నగారు రాలేదు. ఆయన గూడ్సు గార్డు, ఆ రోజు డ్యూటీ పడింది. అమ్మ, నేను, చెల్లి చిట్టి... మాకు తోడుగా సూరి బాబాయి. నాన్నగారి తమ్ముడు, రైల్వే ఆఫీసులో గుమాస్తా. బళ్ళ వేళలన్నీ ఆయనకు కంఠతా వచ్చు.

భోజనాలు చేస్తుండగా కింద పట్టాల మీద ఒక గూడ్సు బండి ఎగశ్వాసతో కొండెక్కింది. ముందొక ఇంజను లాగుతోంది, వెనక ఒకటి తోస్తోంది. చిట్టి చెయ్యి ఊపింది. "బరువు బండి కదా, అందుకే రెండు ఇంజన్లు," అని బాబాయి చెప్పారు. అందరం చూశాం. ఎవరమూ ఇంకేమీ ఆలోచించలేదు.

తిరుగు ప్రయాణానికి లేటయింది. ఎండ వాలిపోతోంది. వచ్చిన దారినే కొండ చుట్టి వెళ్తే సాయంత్రం ప్యాసింజర్ దొరకదు. అది తప్పితే రాత్రంతా ఆ అడవిలోనే. అమ్మ మొహంలో ఆ భయం కనబడింది.

"సొరంగంలోంచి ఎల్లిపోదాం వదినా. అవతలే స్టేషను," అన్నారు బాబాయి.

"బండొస్తే ఏటి సూరీ?"

"ఇప్పుడు ఏ బండీ నేదు. నన్నడగండి టైంటేబులు. గుంటల్ని పట్టుకుని బేగి రండి." గుంటలంటే మేమిద్దరం, పిల్లలం.

లోపలికి వెళ్ళాం. సొరంగం వంపు తిరిగి ఉంటుంది... కొంత దూరం పోయాక వెనక వెలుతురు పోయింది, ముందు వెలుతురు ఇంకా రాలేదు. పైనుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా వీపు మీద పడుతున్నాయి. మసి వాసన. అమ్మ ఒక చేత్తో గోడ తడుముకుంటూ నడుస్తోంది. బాబాయి మాత్రం ధైర్యానికి గట్టిగా మాట్లాడుతూనే ఉన్నారు.

చిట్టి పట్టా మీద నడుస్తోంది. ఉన్నట్టుండి ఆగింది.

"అక్కా, పట్టా కాలికి గిలిగింతలు పెడతంది."

బాబాయి నవ్వారు. "బండి నేదన్నాను కదే. దానికి నువ్వే గిలిగింతలు పెడతన్నావు."

అమ్మ నవ్వలేదు, వాదించలేదు. గ్యాంగ్‌మన్లు తప్పుకోవడానికి గోడలో గూళ్ళు ఉంటాయి. అప్పుడే దాటిన గూడు ఆమె చేతికి తగిలి ఉంది. మమ్మల్నిద్దర్నీ రెక్క పట్టి వెనక్కి లాగి అందులోకి తోసి, తను మాకు అడ్డంగా నిలబడింది. "సూరీ, ఇటు రా," అంది. ఆ గూట్లో నాలుగో మనిషికి చోటు లేదు.

కూత లేదు. దీపం లేదు. ముందు గాలి మా మొహాలకు కొట్టింది... ఆ వెనకే చీకటికంటే నల్లగా ఒక గోడ కదిలి వచ్చింది. బండిని పైదాకా తోసిన ఆ వెనక ఇంజను, ఒంటరిగా, వెనక నడకతో, ఆవిరి కట్టేసి పల్లానికి జారుతోంది. ఏ టైంటేబులులోనూ ఉండదది. పొయ్యి ఎర్రగా ఒక్క క్షణం కనబడి పోయింది. తర్వాత పొగ. ఊపిరి ఆడలేదు.

"సూరీ..."

అమ్మ మమ్మల్ని గూట్లోనే అదిమిపట్టి పొగలోకి వంగింది.

"సూరీ."

అమ్మ గొంతు అలా ఉండగా నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. నేను అమ్మ చీర కుచ్చిళ్ళు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. పట్టాల వైపు చూడకూడదనుకున్నాను... చూసినా ఏమీ కనబడదని తెలిసి కూడా.

చాలాసేపటికి అవతలి గోడ కింద నుంచి దగ్గు వినబడింది.

"వదినా... గుంటలున్నారా?"

గోడకూ పట్టాకూ మధ్య కాలవలో బోర్లా పడుకున్నారట. లేచి నిలబడలేకపోతే అమ్మ ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని నడిపించింది. ప్యాసింజర్ దొరికింది. అందులో బాబాయి ఒక్కటే మాట అడిగారు, "అన్నయ్యకి చెప్తారా?"

"చెప్తాను," అంది అమ్మ.

నాన్నగారు అంతా విన్నారు. కోప్పడలేదు. "తోసిన ఇంజను కొండమీదే కాపురం పెట్టుకుంటాదేటిరా?" అని మాత్రం అని, తమ్ముడి మొహానికంటిన మసి తడిగుడ్డతో తనే తుడిచారు.

మరుసటి ఏడు కార్తీకంలో క్వార్టర్ పెరట్లో ఒక ఉసిరి కొమ్మ పాతి, దాని నీడ మా మీద పడకపోయినా, దాని కిందే భోజనం చేశాం. తర్వాత అదే మా ఇంటి ఆచారమైపోయింది. కొండకు మళ్ళీ వెళ్ళలేదు.

ఇప్పుడా దారిలో ఏసీ పెట్టెల్లో పోతున్నాం. మసి లేదు, పొగ లేదు... కిటికీ తెరుచుకోదు. సొరంగం రాగానే పిల్లలు సరదాగా కేకలు పెడతారు. పెట్టనివ్వాలి, వాళ్ళకది ఆట. నేను మాత్రం వెలుతురు వచ్చేదాకా, బయట చీకట్లో ఎవరైనా దగ్గుతున్నారేమోనని చెవి ఒగ్గి కూర్చుంటాను...

మీ పెద్దవాళ్ళు మిమ్మల్ని ఏ కొండకు తీసుకువెళ్ళేవారో రాయండి. ఊరి పేరు సరిగ్గా రాయండి. సరదాలే కాదు, భయపడినవీ రాయండి... ఆ రోజు మన పక్కన నిలబడినవాళ్ళు గుర్తుకొచ్చేది వాటిలోనే.