కాలిపోయిన తెలుపు

సుగుణక్క గురించి ఇన్నాళ్లూ రాయలేదంటే, నాకు రాయడం రాదు కనుక. యాభై దాటాక చర్చిలో సాయంత్రం తరగతులకు పోయి అక్షరాలు దిద్దుకున్నాను. మొదట ఆమె గురించే రాయాలనుకున్నాను కానీ ఇంత కోపంతో రాస్తాననుకోలేదు. మొన్న ఆమె పోయినప్పుడు చర్చి గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ఆ కొత్త రంగు వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. అందులో ఉన్నదెవరో ముందు పోల్చుకోలేకపోయాను. నేరేడుపండు రంగు మనిషిని పిండిబొమ్మను చేశారు.

బీదర్‌లో ఆమెకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. కొల్హార్ ఫ్యాక్టరీల వాళ్లు పాస్‌పోర్టు ఫొటోలకు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పెళ్లిళ్లకు ఆమె దగ్గరికే వచ్చేవారు. ఊడవడానికి చేరిన నా చేతికి కెమెరా ఇచ్చింది ఆమే. అంకెలు కూడా తెలియని నాకు, కెమెరా మీది చక్రం ఇటు తిప్పితే వెలుగు, అటు తిప్పితే చీకటి అని వేలు పట్టి నేర్పింది. పెళ్లికూతురు తెల్లగా రావాలని చక్రాన్ని వెలుగు వైపు తిప్పడం మా ఊరి ఫొటోగ్రాఫర్లందరి అలవాటు. వాళ్లను చూసి అది నాకూ అంటుకుంది.

ఒక ఆదివారం పొద్దున్నే కమఠాణ వైపు చెరువుకు తీసుకుపోయింది. గట్టు నీడలో నీళ్లు నల్లగా ఉన్నాయి. కొంగలు నిలబడి ఉన్నాయి. నేను అలవాటుగా చక్రం తిప్పి తీశాను. ఆమె కెమెరా లాక్కుని వెనక తెరలో బొమ్మ చూసింది.

"గిదేందే ఎస్తేరూ? కొంగనా, సున్నం ముద్దనా?"

"తెల్లగనే వచ్చింది గదక్కా."

"తెల్లగ రావాల్నని ఎవలన్నరు? ఈకలేవి? మెడ కాడ నీడేది? నీళ్లు నల్లగున్నయని కెమెరా మోసపోయి వెలుగు పెంచింది. దాని మీద నువ్వింకింత పెంచినవ్."

నీళ్ల సంగతి వదిలెయ్యమంది. ఈక ఈకా విడిగా కనబడేదాకా వెలుగు తగ్గించమంది. ఎండెక్కి నీళ్లు తళతళలాడాక మళ్లీ తిట్టింది. ఇప్పుడు కెమెరా ఆ మెరుపుకు బెదిరి వెలుగు తగ్గిస్తుందని, కొంగ బూడిద రంగుకు తిరుగుతుందని, అప్పుడు మాత్రం కొంచెం పెంచాలని చెప్పింది. "చీకట్ల ఉన్నదాన్ని తర్వాత జరంత వెలుగుకు లేపుకోవచ్చు. వెలుగెక్కువై కాలిన తెలుపుల ఎంత దేవులాడినా ఏం దొర్కది."

ఒకసారి హుల్సూర్ పెళ్లి ఆల్బమ్ చూసి పిల్లగాడి తల్లి మొహం ముడుచుకుంది. "మా కోడలు గింత నల్లగుందా? జర తెల్లగ చెయ్యమ్మా."

"ఫొటోల చేస్త. రేపు ఇంట్ల తెల్లగ లేదని పిల్లను తిడ్తవ్. అప్పుడు గూడ నన్నే పిలుస్తవా?" అంది అక్క.

ఆ ఇంటివాళ్లు మళ్లీ మా గడప తొక్కలేదు. అక్క కోపం కూడా తగ్గలేదు.

అటువంటి మనిషికి ఈ ఫ్లెక్సీ! ఆమె తమ్ముడి కొడుకు డేవిడ్‌ను నిలదీశాను.

"అందరికీ గట్లనే చేస్తరు పెద్దమ్మా. అందంగ కనబడాలె గద."

"మీ అత్త అందంగ లేకుండెనారా?"

సమాధి రాయికి పెట్టే టైల్ కోసం కూడా అదే ఫొటో ఇచ్చానని వాడు మెల్లగా చెప్పాడు. ఫ్లెక్సీ అయితే ఎండకు చినిగిపోతుంది. సమాధి మీది ముఖం ఉండిపోతుంది. ఆమెను చూడనివాళ్లు రేపు ఆ పిండిబొమ్మనే సుగుణక్క అనుకుంటారు.

మర్నాడు పొద్దున టైల్ మీద ఫొటో అచ్చేసే దుకాణం తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాను. డేవిడ్‌కు ఫోన్ చేసి ఫొటో మారుస్తున్నానని చెప్పాను. అడగలేదు, చెప్పాను. నేను తీసిన ఫొటో ఇచ్చాను. అందులో అక్క తెల్లచీరలో ఎవరినో కసురుతోంది. చీర మడతలు కనబడతాయి, నుదుటి గీతలూ కనబడతాయి.

"ముఖం జర తెల్లగ లేపనా అమ్మా?" అన్నాడు దుకాణం అతను.

"ముట్టకు" అన్నాను. వేడి యంత్రంలోంచి తీసిన టైల్ చల్లారేదాకా అతని పక్కనే నిలబడ్డాను.