ఉప్పు గనిలో చేరెడు నీళ్లు

మాస్టారు పోయారని శనివారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడ అమెరికాలో, విచిటాలో మా పక్కిల్లే, నన్ను అన్నయ్యా అంటుంది. "నిద్రలోనే అన్నయ్యా, బాధేం పడలేదు" అంది. నా చెయ్యి దానంతటదే చొక్కా జేబు తడుముకుంది. ఎందుకో చెబుతాను.

నాలుగేళ్ల కిందట ఆమెకి హాస్పిటల్‌లో వీకెండ్ డ్యూటీ పడి, తండ్రికి ఉప్పు గని చూపించే పని నాకు అప్పగించింది. ఆయన గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్లు హిస్టరీ చెప్పిన మనిషి. మాకు గంట దూరంలో, ఆరువందల అడుగుల లోతున, పాత గనిని మ్యూజియం చేశారు. బయల్దేరేముందు ఆయన గుండె మాత్రల సీసా నా జేబులో పెట్టి, నొప్పంటే వెంటనే నాలుక కింద ఒకటి పెట్టమంది. ఆయన దగ్గరుంటే ఎక్కడో పడేసుకుంటారట. అసలే నాకు కంగారెక్కువ. దారంతా జేబు తడుముకుంటూనే డ్రైవ్ చేశాను.

మాస్టారు మాత్రం నింపాదిగా కెల్టుల పాఠం చెప్పారు. ఇప్పటి ఆస్ట్రియా కొండల్లో వేల ఏళ్ల కిందట ఉప్పు తవ్విన జనం వాళ్లు. "రాజుల పేర్లు పరీక్షకి బాబూ. కూలివాడు ఏం తిన్నాడో అదీ చరిత్ర" అనేవారు ఎప్పుడూ.

లిఫ్ట్ చిమ్మచీకట్లో దిగింది. కింద ఫోన్లు పనిచెయ్యవు. ఒక గోడ మీద ఆ కెల్టుల గనుల బొమ్మలున్నాయి. ఉప్పు గోడ విరిగి మీద పడి చచ్చిపోయిన ఒక కూలివాడి శవం, వేల ఏళ్ల తర్వాత బట్టలతో సహా చెడకుండా దొరికిందట. మాస్టారు అక్కడే ఆగిపోయారు. నేను నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగేసరికి మనిషి లేరు.

అమ్మో, ఆ పది నిమిషాలు! ఎటు చూసినా ఒకేలాంటి బూడిదరంగు సందులు. మాత్రలు నా దగ్గర, ఆయన ఎక్కడో. ఆ పిల్లకి ఏం మొహం చూపించను? పరిగెత్తాను, కేకలు వేశాను, కనిపించినవాళ్లనల్లా అడిగాను.

చివరికి ఒక పక్క సందులో కనిపించారు. బూట్లు విప్పేసి, మోకాళ్ల మీద కూర్చుని, కుడి అరచేతిలో బాటిల్ నీళ్లు పోసుకున్నారు. నా అడుగుల చప్పుడు విని, వెనక్కి తిరగకుండానే అడిగారు.

"దక్షిణం ఎటు బాబూ?"

నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దాయనని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు అరిచేశాను. అంతా విన్నారు. "మా ఆవిడ పోయాక నన్నింతలా తిట్టినవాళ్లు లేరు" అని నవ్వారు. తర్వాత మెల్లగా అన్నారు: "పాపం, ఆ ఉప్పులో దొరికినవాడికి నా అన్నవాళ్లెవరో తెలీదు. దిక్కులేనివాళ్లకీ ఒక చేరెడు వదలాలి కదా. నువ్వుల్లేవు, పోనీలే."

భూమి అడుగున దక్షిణం నాకేం తెలుసు? ఏదో ఒక వైపు చూపించాను. బొటనవేలి పక్కనుంచి నీళ్లు వదిలారు. ఆ తర్వాత లేవలేదు. గోడకి ఆనుకుని చెయ్యి చాపారు. నుదురంతా చెమట.

"ఒక మాత్ర ఇయ్యి. ఇందాకట్నుంచీ నొప్పిగానే ఉంది. అమ్మాయికి చెప్పకు."

చెప్పలేదు. ఇది చదివితే నన్ను క్షమించమ్మా.

ఆయన మాత్ర నాలుక కింద పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. తెరిచేదాకా నేను పక్కనే కూర్చుని నేలకేసి చూస్తూ ఉన్నాను. నీళ్లు పడ్డ చోట ఉప్పు కరిగి, చిన్న గుంట పడుతోంది.